కాలం మారినా కంచం మారని ఇల్లు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది ఖమ్మం. ఇంట్లో అయిదుగురం. అత్తయ్యకు 68 ఏళ్లు, మా వారికి 41, నాకు 36, పాపకు పదేళ్లు, బాబుకు రెండేళ్లు. ఏడాది పొడుగునా ఎవరో ఒకరికి కడుపు బాగుండదు. ఎండాకాలం వస్తే మా వారికి గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు. రెండేళ్లుగా రోజూ గ్యాస్ మాత్ర వేసుకుంటున్నారు. వానలు పడగానే పిల్లలిద్దరికీ మోషన్స్. పోయిన జనవరిలో బాబుకు వాంతులు, నీళ్ల విరేచనాలు పట్టుకుని ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. చలికాలంలో పాపకు నాలుగు రోజులకోసారి గానీ విరేచనం కాదు, వెళ్లినప్పుడల్లా ఏడుస్తుంది. అత్తయ్యకు బీపీ ఉంది. ఆవిడకు ఈమధ్యే మలబద్ధకం మొదలైంది, అప్పుడప్పుడు రక్తం పడుతోంది, మనిషి కూడా చిక్కారు. మొలలేలే అంటారు. నెలకోసారి ఇంటిల్లిపాదీ ఆముదం తాగితే కడుపు శుభ్రపడుతుందని ఆవిడ పట్టు. మామయ్యగారు వయసులో ఉండగా సంగ్రహణితో చాలా ఏళ్లు బాధపడ్డారట. ఇది మా వంశంలోనే ఉందా? మంచి బ్యాక్టీరియా ఉంటాయని చెప్పే ప్రోబయోటిక్ డబ్బాలు కొనమని కొందరు చెబుతున్నారు, కొనమంటారా? పొద్దున లేవగానే టీ, తర్వాత ఇడ్లీ, దోశ, ఉప్మాల్లో ఏదో ఒకటి చేస్తాను. మధ్యాహ్నం అన్నం, పప్పు, వేపుడు. రాత్రీ అన్నమే, చారో పచ్చడో. మా వారు దుకాణం కట్టేసి వచ్చేసరికి పదవుతుంది, కలిసి తినాలని అందరం అప్పటిదాకా ఆగుతాం. తాగేది క్యాన్ నీళ్లే. నాకైతే ఏ ఇబ్బందీ లేదు, అందరూ తిన్నాక మిగిలింది తినేస్తాను. (ఒక పాఠకురాలు, ఖమ్మం)

సమాధానం: అమ్మా, అన్నిటికంటే ముందు మీ అత్తయ్యగారిని ఈ వారంలోనే డాక్టరుకు చూపించండి. 68 ఏళ్ల వయసులో కొత్తగా మలబద్ధకం మొదలవడం, రక్తం పడటం, మనిషి చిక్కిపోవడం, ఈ మూడూ ఒకేచోట కనబడితే మొలలని ఇంట్లోనే తీర్మానించుకోకూడదు. మొలలే కావచ్చు. చాలామందిలో అవే తేలతాయి. కానీ పెద్దపేగులో కంతి మొదలైనా లక్షణాలు ఇవే. డాక్టరు వేలితో చేసే పరీక్ష, రక్తహీనత ఉందేమో చూసే రక్తపరీక్ష, ఆ పైన సన్నటి గొట్టంతో పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీ చేస్తే సంగతి తేలిపోతుంది. బీపీకి ఏం మాత్రలు వాడుతున్నారో ఆ చీటీ కూడా తీసుకెళ్లండి. కొన్ని బీపీ మాత్రలు, కాల్షియం, ఐరన్ మాత్రలు విరేచనాన్ని బిగబట్టేస్తాయి. థైరాయిడ్ మందగించినా అంతే. సిగ్గుపడి ఆవిడ వెనకాడితే మీరు పక్కన కూర్చుని మాట్లాడండి. ఈ వయసు ఆడవాళ్లు ఈ విషయం కొడుకుతో చెప్పుకోలేరు, కోడలితోనే చెప్పుకుంటారు.

ఆవిడకు ఆముదం మాత్రం ఈ రోజు నుంచే మానిపించండి. ఆముదం పేగులను బలవంతంగా ముడుచుకునేలా చేసి లోపల ఉన్నదంతా బయటికి తోసేస్తుంది, దాంతోపాటు ఒంట్లోని నీరు, లవణాలు కూడా పోతాయి. మూత్రం ఎక్కువ పోయేలా చేసే బీపీ మాత్ర వాడుతున్న పెద్దమనిషికి అలా నీరు పోతే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. పిల్లలకూ వద్దు. పేగులకు నెలవారీ కడుగుడు అక్కర్లేదు. వాటి లోపలి పొర కొద్ది రోజులకోసారి దానంతట అదే కొత్తదవుతూ ఉంటుంది.

వంశం సంగతికి వస్తాను. సంగ్రహణి అనగానే తెలుగువాళ్లకు గుర్తు రావాల్సిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరంలో పుట్టారు. ఆయన సోదరులిద్దరు ఈ జబ్బుతోనే పోయారు, ఆయనకూ వచ్చింది. ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సతో బయటపడ్డారు. ఒకే ఇంట్లో ముగ్గురికి వచ్చిందంటే ఎవరైనా వంశంలో ఉందనే అనుకుంటారు. కానీ ఈ జబ్బు రక్తంలో దిగేది కాదు. మన వాతావరణంలో, పేగులకు ఏదో ఇన్ఫెక్షన్ సోకిన తర్వాత చిన్నపేగులో ఉండకూడని బ్యాక్టీరియా పెరిగిపోయి, తిన్నది ఒంటికి పట్టకుండా చేస్తుంది. ఒకే ఇల్లు, అవే నీళ్లు, అదే తిండి కాబట్టి ముగ్గురికీ వచ్చింది. సుబ్బారావు గారు అమెరికా వెళ్లి, లెడర్లే ప్రయోగశాలలో తన బృందంతో 1945లో ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్‌ను కృత్రిమంగా తయారుచేయించారు. సంగ్రహణి రోగుల్లో వచ్చే రక్తహీనతకు అదే మందయింది. తన ఇంటిని ఖాళీ చేసిన జబ్బుకు ఆయన అలా మందు వెతికారు. మనం ఆ మనిషిని ఇంకా సరిగా తలుచుకోవడం లేదని నా బాధ. మీ మామయ్యగారి జబ్బు మీ పిల్లలకు దిగదు, నిశ్చింతగా ఉండండి.

మరి ఇంట్లో అందరికీ కడుపే ఎందుకు? మీరంతా ఒకే వంటింట్లో వండింది తింటారు, ఒకే క్యాన్ నీళ్లు తాగుతారు, ఒకే వేళకు తింటారు, ఒకే వేళకు పడుకుంటారు. ఒకే కప్పు కింద బతికే వాళ్ల పేగుల్లోని సూక్ష్మజీవులు కూడా చాలావరకు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. కడుపులో పుండ్లకు కారణమయ్యే హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా మన దేశంలో ఎక్కువమందికి చిన్నతనంలోనే, సొంత ఇంటివాళ్ల నుంచే అంటుకుంటుంది. దాన్ని కనిపెట్టిన బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. అంటే మీ ఇంట్లో అయిదు కడుపులున్నా అలవాటు ఒక్కటే. మీ ఉత్తరం చదివితే నాకు కనబడిందేమిటంటే, బయట కాలం మూడుసార్లు మారుతోంది గానీ మీ ఇంటి కంచం పన్నెండు నెలలూ ఒక్కలాగే ఉంది. ఏప్రిల్ ఎండలో అదే ఉప్మా, ఆగస్టు వానలో అదే వేపుడు, డిసెంబరు చలిలో రాత్రి పదిన్నరకు అదే అన్నం.

పేగులకు ఇలా ఉండటం అలవాటు లేదు. టాంజానియాలో వేట మీద, అడవిలో దొరికే దుంపలు, పండ్లు, తేనె మీద బతికే హడ్జా అనే తెగ ఉంది. వాళ్ల మీద చేసిన పరిశోధన 2017లో సైన్స్ పత్రికలో వచ్చింది. వానలు లేని నెలల్లో వాళ్లు మాంసం ఎక్కువ తింటారు, వానల్లో పండ్లు, తేనె ఎక్కువ. పేగుల్లో కొన్ని జాతుల బ్యాక్టీరియా ఒక కాలంలో దాదాపు కనిపించకుండా పోయి, మళ్లీ ఆ తిండి దొరికే కాలానికి తిరిగి కనిపించాయి. మన పెద్దవాళ్లు అడవిలో లేకపోయినా కాలాన్ని బట్టే తిన్నారు. ఉగాది దాటితే అంబలి, చద్దన్నం. శ్రీరామనవమికి పానకం, వడపప్పు. తొలి ఏకాదశికి పేలాల పిండి. ఆషాఢంలో మునగాకు. సంక్రాంతికి నువ్వులు, చిక్కుళ్లు, చిలగడదుంపలు. వీటిలో చాలావాటికి కారణం ఆ నెలలో పొలంలో, పెరట్లో దొరికేది అదే కావడం. అన్నీ ఆరోగ్యం కోసమే పెట్టారని నేననను. కానీ ఏడాదిలో పేగులకు రకరకాల పీచు అందేది, అది నిజం.

ఆ పీచు గురించే ఎక్కువ చెప్పాలి. మనం అరిగించుకోలేని పీచును పెద్దపేగులోని బ్యాక్టీరియా పులియబెట్టి బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలు తయారు చేస్తాయి. పెద్దపేగు లోపలి పొర బతికేది ఎక్కువగా దాని మీదే. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల తెల్ల బియ్యంలో పీచు 3 గ్రాములు కూడా ఉండదు. జొన్నల్లో 10 గ్రాముల దాకా, రాగుల్లో 11 గ్రాముల దాకా ఉంటుంది. మీ ఇంట్లో మూడు పూటలా బియ్యమో, రవ్వో. ఇడ్లీలో మినప్పప్పు ఉన్నా ఎక్కువ భాగం రవ్వే. రాత్రి కంచంలో కూరగాయ అసలే లేదు. అదే సంస్థ 2024 మార్గదర్శకాల్లో మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు సూచించింది. మీ వంటింట్లో ఒక రోజు కూరగాయలను తూకం వేసి అయిదుతో భాగించి చూడండి, ఎంత తక్కువ తింటున్నారో మీకే తెలుస్తుంది.

ఇక ఎండాకాలం. ఖమ్మం ఎండ నేను చెప్పక్కర్లేదు. చెమటగా నీరు పోతే పెద్దపేగు మలంలోని నీటిని ఇంకా గట్టిగా పీల్చుకుంటుంది. ఆ ఉక్కలో పొద్దున్నే నూనె దోశ, పొట్టలో ఏమీ పడకముందే టీ, మేలో కొత్తావకాయ, రాత్రి పదిన్నరకు భోజనం, పదకొండుకు పడక. మీ వారి గుండెల్లో మంటకు ఇంతకంటే వేరే కారణం వెతకక్కర్లేదు. నిండిన పొట్టతో పడుకుంటే పొట్టలోని ఆమ్లం గొంతు వైపు ఎగదన్నుతుంది. ఒక్క మాట మాత్రం మరవకండి. నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు మంట వచ్చి కూర్చుంటే తగ్గుతున్నా, చెమట పడుతున్నా, ఎడమ చేతికో దవడకో నొప్పి పాకుతున్నా అది గ్యాస్ అనుకోకుండా వెంటనే ఈసీజీ తీయించండి.

రాత్రి భోజనం వేళ మార్చడం మీ ఇంట్లో అన్నిటికంటే పెద్ద పని, దీన్నే ముందు చేయండి. కలిసి తినాలన్న మీ కోరిక మంచిదే, దాన్ని నేను తక్కువ చేయను. అయితే రెండేళ్ల బాబును, 68 ఏళ్ల మనిషిని పదిన్నర దాకా ఆకలితో కూర్చోబెట్టి కలిసి తినడంలో ప్రేమ ఉన్నా ఒంటికి మేలు లేదు. ఆగలేక మధ్యలో బిస్కెట్లు, మిక్చర్ తింటారు. అప్పుడు భోజనం వేళకు ఆకలి చచ్చిపోతుంది. ఏడున్నరకల్లా పిల్లలు, అత్తయ్యగారు, మీరు తినేయండి. మీ వారికి ఎనిమిదింటికి దుకాణానికే క్యారియర్ పంపండి. ఆయన ఇంటికి వచ్చాక అందరూ కలిసి కూర్చుని మజ్జిగ తాగండి. కలిసి తినే పూటను పొద్దున్నకు మార్చుకోండి. టీవీ కట్టేసి, ఫోన్లు పక్కన పెట్టి, అరగంట ముందు లేచి తింటే ఆ కూర్చోవడం రాత్రికంటే బాగుంటుంది.

గ్యాస్ మాత్రను రెండేళ్లుగా ఎవరు రాసిస్తే వాడుతున్నారో మీరు రాయలేదు. ఇలాంటి మాత్రలు ఏళ్ల తరబడి వేసుకుంటే బి12, మెగ్నీషియం తగ్గవచ్చు. పొట్టలో ఆమ్లం తగ్గడం వల్ల నీళ్లతో వచ్చిన క్రిములు చావక పేగుల్లోకి దిగుతాయి కూడా. అలాగని రేపటి నుంచి ఆపేస్తే ఆమ్లం ఒక్కసారిగా ఎగిసి మంట రెట్టింపవుతుంది, అప్పుడు మాత్ర లేకపోతే బతకలేననిపిస్తుంది. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. హెలికోబాక్టర్ పరీక్ష కూడా అడగండి, మలంతోనో ఊపిరితోనో చేస్తారు. పరీక్షకు ముందు రెండు వారాలు ఈ మాత్ర ఆపి ఉంచాలి, లేకపోతే ఉన్నా లేనట్టు చూపిస్తుంది. మంటకు రాత్రిపూట పాలు తాగే అలవాటుంటే మానిపించండి. ఆ కాసేపు చల్లగా ఉన్నా తర్వాత ఆమ్లం మళ్లీ పెరుగుతుంది. ఆవకాయ మానమంటే ఆయన ఒప్పుకోరు, నేనూ చెప్పను. రాత్రి పూట వద్దు, మధ్యాహ్నం ఒక ముక్క, అంతే.

పొద్దున టీ స్థానంలో రాగి అంబలి గానీ జొన్న అంబలి గానీ పెట్టండి. పిండిని రాత్రే నీళ్లలో కలిపి పులవనిచ్చి, పొద్దున కాచి, చల్లారాక మజ్జిగ పోసుకుంటే కడుపులో తేలిగ్గా ఉంటుంది. చద్దన్నం కూడా మంచిదే, కానీ ఈ రోజుల్లో దాన్ని చాలామంది తప్పుగా చేస్తున్నారు. రాత్రి మిగిలిన అన్నాన్ని గిన్నెలో వదిలేసి పొద్దున మజ్జిగ కలిపితే అది చద్దన్నం కాదు. వండినా చావని ఒక బ్యాక్టీరియా బీజాలు అన్నంలో ఉంటాయి, బాసిల్లస్ సీరియస్ అంటారు. గది వేడిలో గంటల తరబడి వదిలేస్తే అవి పెరిగి విషం పుట్టిస్తాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు, తిన్న కొన్ని గంటల్లోనే వాంతులవుతాయి. అసలు పద్ధతిలో అన్నం వండిన గంటలోపే చల్లార్చి, మునిగేలా కాచి చల్లార్చిన నీళ్లు పోసి, ఒక గరిటె పుల్లమజ్జిగ కలిపి, మట్టికుండలోనో స్టీలు గిన్నెలోనో మూత పెడతారు. పులుపు త్వరగా పట్టడం వల్ల చెడ్డ క్రిములు అంత తేలిగ్గా పెరగవు. గోదావరి జిల్లాల్లో అన్నం, గంజి పులియబెట్టే తరవాణి కుండ నడిచిన సూత్రం కూడా ఇదే. మీ ఊరి ఎండలకు ఏడెనిమిది గంటలు చాలు, పొద్దున ఎనిమిదింటిలోపు తినేయాలి. ఉల్లిపాయ, కాస్త పల్లీ పచ్చడి చాలు. బాబుకు మాత్రం తాజా పెరుగన్నమే పెట్టండి.

మజ్జిగ పలచగా, అల్లం, కరివేపాకు వేసి రోజంతా తాగొచ్చు. పాలు పడని పెద్దవాళ్లకు కూడా పెరుగు, మజ్జిగ పడతాయి. పాలలోని చక్కెరను తోడులోని బ్యాక్టీరియా కొంత తినేయడమే కారణం. ముంజలు, పుచ్చకాయ, కొబ్బరినీళ్లు మీకు తెలిసినవే. కోసి పెట్టిన పుచ్చముక్కలు బండి మీద కొనకండి, చాలు.

వానాకాలంలో పిల్లలకు మోషన్స్ రావడాన్ని తిండి పడలేదనే అంటారు. ఎక్కువసార్లు అది నీళ్ల పని, చేతుల పని. క్యాన్ నీళ్లంటే శుభ్రమైనవనే నమ్మకం మన ఊళ్లన్నిటిలో పాతుకుపోయింది. ఆ క్యాన్‌ను ఎవరు ఎలా కడిగారో, మీ ఇంట్లో దాని మూత తీసి ఎన్ని రోజులైందో, అందులోంచి బిందెలోకి వంచి చెంబు ముంచుతున్నారో లేదో ఆలోచించండి. జూన్ నుంచి అక్టోబరు దాకా తాగే నీళ్లు బాగా తెర్లేదాకా కాచి, ఆ తెరలు ఒక నిమిషం ఉండనిచ్చి, కుళాయి ఉన్న పాత్రలో పోసుకోండి. బాబుకు కడిగిన చేతులు సబ్బుతో కడుక్కోవడం మీకు అలవాటే ఉంటుంది, అత్తయ్యగారికీ ఉందేమో గమనించండి. టిఫిన్ బండి దగ్గర ఇడ్లీ వేడివేడిగా ఉంటుంది, అందులో భయం లేదు. చట్నీ పలచన చేయడానికి పోసే నీళ్లతోనే చిక్కంతా. పానీపూరీ సంగతి మీకు చెప్పాలా?

మోషన్స్ పట్టుకున్నప్పుడు ఏం చేయాలో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. లీటరు నీళ్లకు సరిపడే ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తాన్ని ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి. గ్లాసులో సగం ప్యాకెట్ వేస్తే ఉప్పు చిక్కనై మోషన్స్ ఇంకా పెరుగుతాయి. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయాలి. ప్యాకెట్ దొరకని రాత్రి లీటరు నీళ్లకు తలగొట్టిన ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి, టీ చెంచాతోనే. డబ్బాల్లో అమ్మే తియ్యటి పానీయాలు ఓఆర్ఎస్ పేరు పెట్టుకుని చాలా ఏళ్లు మందుల షాపుల్లో అమ్ముడయ్యాయి. వాటిలో చక్కెర మోతాదుకు మించి ఉంటుంది, విరేచనాలున్న పిల్లలకు అది కీడే చేస్తుంది. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పట్టు విడవకుండా పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసే కొనండి. దాంతోపాటు బాబుకు జింక్ 20 మిల్లీగ్రాములు, 14 రోజులు. మోషన్స్ ఆగినా మొత్తం కోర్సు వేయాలి. ఆపే మాత్రలు, మిగిలిపోయిన యాంటీబయోటిక్ సిరప్ వేయకండి.

లంకణం పరమౌషధం అనే మాట రెండేళ్ల పిల్లాడికి వర్తించదు. మోషన్స్‌లో పిల్లల్ని పస్తు పెడితే పేగుల పొర కోలుకోవడం ఆలస్యమవుతుంది. పెసరకట్టు అన్నం, పెరుగన్నం, అరటిపండు కొద్దికొద్దిగా పెడుతూనే ఉండండి. కళ్లు గుంటలు పడినా, ఆరేడు గంటలు మూత్రం రాకపోయినా, మత్తుగా ఉన్నా, విరేచనంలో రక్తం కనబడినా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి. వానాకాలంలో మూడు రోజులు దాటిన జ్వరం, పచ్చటి మూత్రం కూడా అలాంటివే. టైఫాయిడ్, కామెర్లు ఈ నీళ్లతోనే వస్తాయి.

జనవరిలో బాబుకు వచ్చినది వేరే కథ అయి ఉండొచ్చు. మన దేశంలో రోటావైరస్ విరేచనాలు చలి నెలల్లోనే ఎక్కువ. వాంతులతో మొదలై నీళ్లలా పోతుంది. దీనికి యాంటీబయోటిక్ పనిచేయదు. ఒంట్లో నీరు తగ్గకుండా చూడటమే వైద్యం. బాబు టీకా కార్డు తీసి 6, 10, 14 వారాలకు రోటావైరస్ చుక్కలు వేశారో లేదో చూడండి. హైదరాబాద్‌లోనే తయారైన టీకాతో 2016లో ఆంధ్రప్రదేశ్‌తో సహా నాలుగు రాష్ట్రాల్లో మొదలై, తర్వాత దేశమంతా ఉచితంగా వస్తున్న చుక్కలవి. బాబుకు ఇప్పుడు ఆ వయసు దాటింది గానీ, బంధువుల్లో చిన్నపిల్లలుంటే చెప్పండి.

పాప సంగతి నాకు ఎక్కువ బెంగ. పదేళ్ల పిల్ల నాలుగు రోజులకోసారి ఏడుస్తూ వెళుతోందంటే బడిలో ఆపుకుంటోందని నా అనుమానం. చాలా బళ్లలో మరుగుదొడ్డి తలుపుకు గడియ ఉండదు, నీళ్లుండవు, వాసన. ఆడపిల్లలు పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా, వచ్చినా ఆపుకుని ఇంటికి వస్తారు. ఆపుకున్న కొద్దీ మలం గట్టిపడుతుంది, వెళ్లినప్పుడు నొప్పి పుడుతుంది, ఆ నొప్పికి భయపడి మళ్లీ ఆపుకుంటుంది. చలికాలంలో దాహం తక్కువ కాబట్టి ఇంకా గట్టిపడుతుంది. ఆముదంతో ఇది పోదు. పిల్లల డాక్టరు మలాన్ని మెత్తబరిచే మందు రాస్తారు. భయం పోయి అలవాటు కుదిరేదాకా నెలల తరబడి వాడాల్సి రావచ్చు, తగ్గిందని మధ్యలో మానకండి. పొద్దున గోరువెచ్చని నీళ్లు తాగించి, టిఫిన్ పెట్టిన పది నిమిషాలకు కూర్చోబెట్టండి. తిన్న వెంటనే పెద్దపేగు కదలడం సహజ లక్షణం, ఆ వేళను వాడుకోవాలి. కమోడ్ అయితే కాళ్ల కింద చిన్న పీట వేయండి. తొందరపెట్టకండి, బస్సు వస్తోందని తలుపు కొట్టకండి. క్లాసు టీచరుతో ఒకసారి మాట్లాడండి, బాటిల్లో నీళ్లు ఎన్ని తిరిగొస్తున్నాయో రోజూ చూడండి.

చలికాలానికి తిండి మన చేతిలోనే ఉంది. రాత్రి అన్నం బదులు జొన్నరొట్టె, చిక్కుడుకాయ కూర, లేదా జొన్న గట్క, పచ్చిపులుసు. సాయంత్రం జామకాయ, ఉడికించిన చిలగడదుంప, నువ్వుల ఉండ. ఉలవచారు వారానికోసారి కాస్తే అత్తయ్యగారూ ఇష్టపడతారు. ఒక్కసారిగా అన్నీ మొదలుపెడితే కడుపు ఉబ్బుతుంది, మీ అత్తయ్యగారు రెండో రోజే నన్ను తిడతారు. వారానికి ఒక పూట మార్చుకుంటూ పోండి, నీళ్లు పెంచుతూ పోండి. నీళ్లు లేకుండా పీచు పెంచితే మలబద్ధకం ముదురుతుంది. సంక్రాంతికి అరిసెలు, సకినాలు తినండి, పండగ పండగే. డబ్బాలు నిండుగా ఉన్నాయని పది రోజులు పొద్దుటి టిఫిన్ మానేసి అవే తినడంతోనే కడుపులు బిగుస్తాయి.

ప్రోబయోటిక్ డబ్బాలకు డబ్బు పెట్టకండి. కొన్ని జబ్బుల్లో డాక్టరు ప్రత్యేకంగా రాస్తారు, అప్పుడు వాడండి. ఊరికే వాడితే, తినడానికి పీచు లేని పేగుల్లో ఆ బ్యాక్టీరియా నిలవవు. ఆ డబ్బుకు కూరగాయలు, పండ్లు కొనండి.

ఇప్పుడు మీ గురించి. మీకేం ఇబ్బంది లేదని ఒక్క వాక్యంలో ముగించారు. అందరూ తిన్నాక పదకొండింటికి మిగిలిన అన్నం, అడుగున చారు, మధ్యాహ్నపు కూర ఉంటే ఉంది, లేకపోతే పచ్చడి. ఇది మీ ఒక్కరి కథ కాదు. నా దగ్గరికి నీరసమని వచ్చే ఇల్లాళ్లను ఏం తిన్నారని అడిగితే ఇంట్లో అందరి తిండీ చెబుతారు, తమది చెప్పడానికి తడుముకుంటారు. పారేయడం ఎందుకని మీరు తినే పొద్దుటి కూర వానాకాలంలో మీకే ముందు జబ్బు తెస్తుంది. తర్వాత అదే చేతులతో పిల్లలకు వండుతారు. కూర కొంచెం తక్కువ వండండి, మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ తెర్లేలా వేడిచేసి అందరూ పంచుకోండి. ఏడున్నరకు కంచాలు పెట్టేటప్పుడు మీ కంచం కూడా అదే వరుసలో పెట్టుకుని, గిన్నెలు మధ్యలో ఉంచి ఎవరికి వాళ్లు వడ్డించుకోనివ్వండి. పదేళ్ల పాప అది చూస్తూ పెరుగుతుంది. ఈ పేరా మీ వారికి చదివి వినిపించండి. దుకాణంలోనే క్యారియర్ తినడానికి, పొద్దున అరగంట ముందు లేవడానికి ఒప్పుకోవాల్సింది ఆయనే.

అత్తయ్యగారికి రక్తం తీయించే రోజునే మీరూ హిమోగ్లోబిన్ చూపించుకోండి. 12 కంటే తక్కువ వస్తే డాక్టరు ఐరన్ మాత్రలు రాస్తారు. అవి వేసుకున్నన్నాళ్లు మలం నల్లగా రావడం, కాస్త బిగబట్టడం మామూలే, భయపడి మానేయకండి. మాత్రకూ భోజనానికీ అటూ ఇటూ గంట దాకా టీ తాగవద్దు, టీ ఉంటే ఐరన్ ఒంటికి పట్టదు. నిమ్మరసంతోనో, జామకాయతోనో వేసుకుంటే బాగా పడుతుంది.